ముందుగాల ఊపిరి

తమ్మీ,

నువ్వు మునిగిపోయిన గోదావరి రేవు దగ్గరే ఈరోజు మా కాలనీవాళ్లకు శిక్షణ ఇచ్చారు. నీళ్లలోంచి తీసినవాళ్లకు ఆక్సిజన్ ఎలా పెట్టాలో రబ్బరు బొమ్మ మీద నేర్పారు. బొమ్మకు జుట్టు లేదు. స్నానానికి వెళ్తూ కూడా తల దువ్వుకునే నువ్వు చూస్తే నవ్వేవాడివి.

"పొట్ట ఒత్తి నీళ్లు కక్కియ్యకుండ్రి. ముందుగాల ఊపిరియ్యాలె," అన్నాడు గనిలో రెస్క్యూ డ్యూటీ చేసే కాక.

ఆ రోజు నీ పొట్ట ఒత్తింది నేనే. నోట్లోంచి నీళ్లు వస్తుంటే, బతికావనే అనుకున్నాను.

నా వంతు వచ్చింది. బొమ్మ గడ్డం ఎత్తి, ఆక్సిజన్ మాస్కు అదిమిపట్టి, దానికున్న గాలి సంచి నొక్కాను. రొమ్ము పైకి లేచింది.

"మంచిగ చేసినవ్ బిడ్డా, ఇగ లెవ్వు," అన్నాడు కాక.

"ఇంకొక్కపారి కాకా," అని మళ్లీ నొక్కాను.

నీ అక్క