స్తంభం పక్కన పట్టిన టేపు

జూన్ 3

నాలుగు లైన్లు. పేజీ అడుగున, కరెంటు కోత ప్రకటన పక్కన. వాలీబాల్ ఫైనల్. పేరు లేదు. అయినా నావే. "హోరాహోరీ" అన్న మాట ఒక్కటే డెస్క్‌లో వేసింది, మిగతావన్నీ నేను రాసినవి. అమ్మకి చూపించాను. ముందు కరెంటు ఎప్పుడు పోతుందో చదువుకుంది.

జూన్ 11

డెస్క్ సార్ ఫోన్ చేశారు. లోకల్ ఎడిషన్‌లో స్పోర్ట్స్ చూసేది ఆయనొక్కరే, ఇంతవరకు మొహం చూడలేదు. రాయడం ఎవరు నేర్పారని అడిగారు. ఎవరూ నేర్పలేదన్నాను. టీవీ సౌండ్ తీసేసి మ్యాచ్ చూస్తూ రాసుకుంటాను, మర్నాడు పేపర్లో వచ్చినదాని పక్కన పెట్టి చూసుకుంటాను. మొదట్లో అమ్మ టీవీ పాడైందనుకుని దాని నెత్తిన రెండు మొత్తింది కూడా. ఇది చెబితే ఆయన చాలాసేపు నవ్వారు. నవ్వాక, ఒక్క బైలైన్ తెచ్చుకో అన్నారు. పేరు పెట్టి వేసేంత సరుకున్న వార్త ఒక్కటి తెస్తే మేనేజర్‌తో మాట్లాడి రెగ్యులర్‌గా తీసుకుంటానన్నారు.

కళ్ళద్దాల షాపులో ఇవాళ మధ్యాహ్నం నుంచి ఎవరికి ఏ ఫ్రేమ్ అమ్మానో నాకే తెలియదు.

జూన్ 12

నా పేరు టైప్ చేసి చూసుకున్నాను. కాలమ్‌లో పడుతుందా అని. పడుతుంది.

జూలై 6

పేపర్‌కి ఎలా రాయాలో తెలియడం లేదు. ముందు ఇక్కడ రాస్తున్నాను.

అథ్లెటిక్స్ మీట్. జనమంతా వంద మీటర్ల ట్రాక్ చుట్టూ ఉన్నారు. హైజంప్ మాత్రం గ్రౌండ్ చివర, గోడవారగా. నేను అటెందుకు వెళ్ళానంటే అక్కడ నీడ ఉంది, అంతే. అక్కడొక అమ్మాయి. నేను పేరు అడిగేలోపే తోటివాళ్ళు కొంగా కొంగా అని పిలుస్తున్నారు. కాళ్ళు చూస్తే ఎందుకో తెలుస్తుంది.

నెమ్మదిగా మొదలుపెట్టింది. ఏదో మరిచిపోయి ఇంటికి తిరిగి వెళ్తున్న మనిషిలా. తర్వాత వంపు తిరిగింది. తర్వాత నేల వదిలేసింది. వీపు బార్ మీదుగా జారుతున్నప్పుడు మొహం ఆకాశం వైపు ఉంది, కళ్ళు తెరిచే ఉన్నాయి. మనిషన్నవాళ్ళు అంతసేపు గాల్లో ఉండరు. ఆ అమ్మాయి ఉంది. టీవీలో ఇలాంటివి ఎన్ని చూశానో, ఒక్కటీ ఇలా లేదు. రాయాలన్న ధ్యాసే లేదు.

పీఈటీ సార్ టేపు పట్టి కొలిచి, జిల్లా రికార్డు అన్నారు. పాతదానికన్నా ఒక వేలు ఎత్తు. ఆయన కొలుస్తుంటే ఫోటో తీశాను. కొంగ పరుపు మీదే కూర్చుని లేసు చిక్కు విప్పుకుంటోంది, రికార్డు ఇంకెవరిదో అన్నట్టు.

డెస్క్ సార్ ఫోటో కూడా పంపమన్నారు.

జూలై 7

పేరు వచ్చింది. అమ్మ ఈసారి కరెంటు సంగతి చూడలేదు.

జూలై 9

పొద్దున డెస్క్ సార్ శుభవార్త చెప్పారు. మేనేజర్ ఒప్పుకున్నారట, ఒకటో తారీకున చేరమన్నారు. హైజంప్ గురించి జనానికి పెద్దగా తెలియదు కాబట్టి ఆదివారానికి వివరంగా ఒకటి రాయమన్నారు. అందుకని రూల్ బుక్ వెతికి చదివాను.

చదవకుండా ఉంటే బాగుండేది.

ఎత్తు కొలవాల్సింది బార్ మధ్యలోనట, అది బాగా కిందికి వంగిన చోట. ఏ బార్ అయినా మధ్యలో కొంచెం వంగుతుందట. నా ఫోటో తీసి చూశాను. అంకెలు స్తంభం మీద ఉన్నాయి కదా, పీఈటీ సార్ టేపు కూడా స్తంభం పక్కనే పట్టారు. పేపర్లో శుభ్రంగా కనిపిస్తోంది. ఊరంతా చూసింది. కొలిచినాయనకి అనుమానం రాలేదు, పేజీ పెట్టినాయనకి రాలేదు. రూలే తెలియకుండా రికార్డని రాసిపారేసిన నాకు ఎలా వస్తుంది? సొంతంగా నేర్చుకోవడమంటే ఇదే కాబోలు. ముందు రాసేసి తర్వాత తెలుసుకోవడం.

అన్నం సహించలేదు.

జూలై 10, ఉదయం

ముందు కొంగకి చెప్పాలనిపించింది. ప్రాక్టీసులో ఉంది. ఫోటో చూపించాను. అదే బార్ అదే గుర్తుకి ఎక్కించి, టేపు తెచ్చి నా చేతికిచ్చింది. మధ్యలో పట్టాం. రెండు వేళ్ళు తక్కువ. అంటే రికార్డు లేదు.

ఆ పేపర్ వాళ్ళింట్లో గోడకి అంటించారట. నేను సారీ చెప్పబోతే ఆపింది. నువ్వు రాసేది నువ్వు రాయక్కా, నేను దూకేది నేను దూకుతా అంది. వెళ్ళి పరుపు సర్దుకుంది. నా చెల్లెలి వయసు కూడా ఉండదు. నేను టేపు పట్టుకుని అలాగే నిలబడ్డాను.

జూలై 11

ఆదివారానికి ఆ రికార్డు చెల్లదనే రాసి పంపాను. కొలిచింది నువ్వు కాదు, ఎవరూ అడగలేదు, వదిలెయ్ అన్నారు డెస్క్ సార్. కింద నా పేరుంది కదా సార్ అన్నాను. రెండో బైలైన్‌తో మొదటిదాన్ని కొట్టేసుకునే మనిషిని ఇప్పుడే చూస్తున్నానన్నారు. మేనేజర్ ముందు ఆయన తల తీసేసినట్టవుతుందట. ఒకటో తారీకు మాట మరిచిపొమ్మన్నారు.

అయినా వేస్తానన్నారు.

జూలై 13

వేశారు. పీఈటీ సార్ ఫోన్ చేసి చెడామడా తిట్టారు. గ్రౌండ్‌లో మళ్ళీ అడుగు పెడితే చూస్తానన్నారు. కళ్ళద్దాలు అమ్మేదానివి, నీకే కనపడలేదా అంది అమ్మ. అంటూనే నా కంచంలో ఇంకాస్త వడ్డించింది. అప్పుడు ఏడుపొచ్చింది.

ఆగస్టు 1

షాపుకి వెళ్ళాను.

ఆగస్టు 24, మధ్యాహ్నం 3

మళ్ళీ మీట్. నన్నెవరూ పంపలేదు. సగం రోజు సెలవు పెట్టి వచ్చి కంచె బయట నిలబడి రాస్తున్నాను.

బార్ ఎత్తగానే కొంగ చెయ్యెత్తి ఆపింది. మధ్యలో కొలవండి సార్ అంది. మిగతా అమ్మాయిలు కూడా వచ్చి బార్ చుట్టూ మూగారు, కొంగతో పోటీ పడుతున్నవాళ్ళే. పీఈటీ సార్ తలతిప్పి కంచె ఇవతల ఉన్న నన్ను చూశారు. మొహం గంటుపెట్టుకునే నడుచుకుంటూ వెళ్ళి మధ్యలో టేపు పట్టారు. ఒకటికి రెండుసార్లు చూశారు.

పాత రికార్డు మీద ఒక వేలు. ఈసారి నిజం వేలు.

రెండుసార్లు బార్ పడిపోయింది. ఇంకొక్కటే ఛాన్సుంది. కొంగ లేసు బిగించుకుంటోంది. ఒక చేత్తో కంచె పట్టుకున్నాను. భయమనుకున్నాను, కాదు. నా కళ్ళముందు చాలా పెద్దదేదో జరగబోతోంది, దానికి నేను సరిపోతానా అని.

ఆగస్టు 24, సాయంత్రం

దూకింది. బార్ కదలనైనా లేదు.

డెస్క్ సార్‌కి నేనే ఫోన్ చేశాను. పేరు పెట్టి పంపమన్నారు. అంతకుముందు ఒక్కటే అడిగారు. ఎత్తెంత అని కాదు, ఎక్కడ కొలిచారని.

మధ్యలో అన్నాను. ఆయనకి వినపడలేదు. మళ్ళీ అన్నాను.