పేనిన జడలు

మొయినాబాద్,
ఆదివారం.

ప్రేమజ్యోతికి,

దేవుని దయవల్ల నేనూ జెన్నీ బాగున్నాం. వేలూరులో నువ్వు కూడా అట్లనే ఉన్నావని నమ్మి రాస్తున్న. వంట గురించి అడిగినవు. ఇప్పుడు అన్నం మాడడం లేదు, పప్పు మాత్రం రోజుకొక తీరు. అజీజ్‌నగర్ ఫాంహౌస్‌లో కొత్త గడ్డి వేయించిన్రు, దానికి నీళ్ళు పట్టేసరికే పొద్దు గుంకుతున్నది. జెన్నీకి జడలు ఎవరు వేస్తున్నారని కూడా అడిగినవు. నేనే. నవ్వకు.

నువ్వు నర్సు ట్రైనింగ్‌కు పోయిన వారమే బడిలో కొత్త రూలు పెట్టిన్రు. ఆడపిల్లలు రెండు జడలు మడిచి ఎర్ర రిబ్బన్లు కట్టుకోవాలి, బాబ్‌కట్ ఉన్నవాళ్ళకే మినహాయింపు. నాది ఎడ్లకు పగ్గాలు పేనిన చెయ్యి. రెండేసి పాయలు తీసి గట్టిగ పేనిన. పగ్గం ఆగుతది గానీ జుట్టు ఆగుతదా? ప్రార్థన కాకముందే ఊడిపోయింది. మూడు రోజులు జెన్నీని లైన్ బయట నిలబెట్టిన్రు.

నాలుగో రోజు పూర్ణిమ టీచర్ నన్ను బడికి పిలిపించింది. తిట్లు తప్పవనుకొని పోయిన.

"అన్నా, నువ్వు పేనినవ్, అల్లలే. జడకు మూడు పాయలుండాలె," అని నవ్వింది.

"మా ఇంట్లామె ఊర్ల లేదు మేడం."

"ఫికర్ చెయ్యకు. జర కూసో, నేర్పిస్త."

జెన్నీ కుడి జడ ఆమె అల్లి చూపించింది. ఎడమది నాతో అల్లించి, మూడుసార్లు విప్పించింది. బెల్లు కొట్టినా కదలలేదు. ఆ తల్లి మేలు బతికినన్ని రోజులు మరువను.

ఇంకొక మాట ఉన్నది. ఆమె పిలిచిన రోజుకు ముందురోజు సాయంత్రం నేను జెన్నీని కటింగ్ షాపుకు తీసుకపోయిన. బాబ్‌కట్ చేయిస్తే పీడ పోతదనుకున్న. బిడ్డ ఏడవలేదు. "డాడీ, అమ్మ వచ్చినంక ఏం దువ్వుతది?" అని మాత్రం అడిగింది. గబుక్కున కటింగ్ చేసేటాయన చెయ్యి పట్టుకున్న, కానీ అప్పటికే ఎడమపక్క జానెడు తెగిపోయింది. టీచరమ్మ చూసే ఉంటది, ఒక్క మాట అనలేదు. మడిచి కట్టడంతోటి ఇంకెవరికీ తెలియలేదు. నేను తిట్టుకున్న రూలే నా తప్పును దాస్తున్నది.

ఫోన్‌లో చెప్పలేకపోయిన, ఆ ఫోన్ ఎప్పుడూ జెన్నీ చేతిలోనే ఉంటది. జుట్టు ఎంత పెరిగిందని నువ్వు అడిగిన ప్రతిసారీ "నడుము దాక అమ్మా" అంటున్నది. నిన్న అబద్ధం ఎందుకని అడిగితే, "అమ్మ నిన్ను తిడతది కదా డాడీ" అన్నది. నన్ను ఎంతైనా తిట్టు ప్రేమా. బిడ్డతో మాత్రం నా కోసం ఇంక అబద్ధం ఆడించలేను.

ఇట్లు,
నీ క్షమాపణ కోరే
జెన్నీ నాన్న,
స్వామిదాసు