ఎడమవైపు తలుపు కిర్రుమనవలెనా, మానవలెనా?

అయ్యా,

విషయం: కళామందిరము ఎడమవైపు తలుపు చేయు చప్పుడు – ఒకదానికొకటి పొసగని రెండు ఆజ్ఞల నడుమ నలుగుచున్న అటెండరు మొర.

తమ శాఖ వారి కళామందిరములో అటెండరుగా పనిచేయుచున్న నేను తమకు మనవి చేసుకొనునది:

1. వేసవి కళోత్సవములలో భాగంగా మన హాలులో ప్రతి సాయంత్రము ఒక గాయని గారు ప్రయోగాత్మక గానము చేయుచున్నారు. అందులో మాటలుండవు. ఊపిరి ఎగపీల్చుట, నాలుక టకటకలాడించుట, ఒక సన్నని కూతను గుక్క తిప్పుకోకుండా సాగదీయుట జరుగుచున్నది. నాకు సంగీతము తెలియదు, ఆక్షేపణ కూడా లేదు. మొదటి రోజున ఆలస్యంగా వచ్చిన ఒక పెద్దాయనను లోపలికి పంపుటకై నేను ఎడమవైపు తలుపు తీయగా అది కిర్రుమన్నది. నా పై ప్రాణాలు పైనే పోయినవి. గాయని గారు మాత్రం ఆ కిర్రుతో శ్రుతి కలిపి పాడినారు. హాలు చప్పట్లతో మారుమోగిపోయినది.

2. ఇకమీదట ఆమె చేయి ఎత్తగానే సదరు తలుపును మెల్లగా తీయవలెనని ఉత్సవ నిర్వాహకులు ఆజ్ఞాపించినారు. కరపత్రములో ఆమె పేరు క్రింద "తలుపు" అని కూడా అచ్చు వేయించినారు. "దానిమీద నూనె చుక్క పడిందో, నీ సంగతి చూస్తా" అన్నారు.

3. భవనముల ఇంజినీరు గారు తనిఖీకి వచ్చి, ఆ కిర్రు విని, "తలుపు బందులకు నూనె వేయడం కూడా చేతకాకపోతే నీకు జీతమెందుకయ్యా?" అని మెమో ఇచ్చినారు. నా ఉద్యోగ పొడిగింపు కాగితము ఆయన సంతకము కొరకే ఆగియున్నది. అది పడనిచో హాలు వెనుక గది ఖాళీ చేయవలెను. ఆ గదిలో నేను, నా భార్య, పక్షవాతంతో మంచాన పడ్డ మా అత్తగారు ఉన్నాము.

4. నూనె వేస్తే ఒకరు, వేయకపోతే ఇంకొకరు. నేనెక్కడికి పోవాలి సార్? వాళ్ళిద్దరూ ఒకరితో ఒకరు మాట్లాడుకోరు, ఇద్దరూ నన్నే తిడతారు. "ఆ తలుపు ఊడబీక్కుని నెత్తిన పెట్టుకుని ఊరేగు" అంటోంది మా ఆవిడ.

కావున తమరు దయతలచి, సదరు తలుపు కిర్రుమనవలెనో మానవలెనో ఒకే ఒక్క కాగితము మీద సెలవిచ్చి, ఈ నిర్భాగ్యుని గోడు చిత్తగించవలెను.

తమ విధేయుడు,
ఎడమవైపు తలుపు దగ్గరి అటెండరు

తా.క. సార్, ఈ అర్జీ పట్టుకుని నిన్న మీ ఆఫీసుకొస్తే మీరు క్యాంపులో ఉన్నారన్నారు. నేను తిరిగొచ్చేసరికి ఇంజినీరు గారే నూనె డబ్బా తెచ్చి బందులు తడిపేశారు. తలుపు మూగబోయింది. సాయంత్రం పాడే అమ్మగారు చేయి ఎత్తారు. ఏం చేయను? చీకట్లో తలుపు చాటున నిలబడి, దాన్ని మెల్లగా తీస్తూ నా గొంతుతోనే కిర్రుమన్నాను. ఆమె సాగదీస్తే నేనూ సాగదీశాను. మధ్యలో గది గుర్తొచ్చి ఏడుపొచ్చేసింది. అదీ అందులోనే కలిసిపోయింది. జనమంతా లేచి తలుపు వైపు తిరిగి చప్పట్లు కొట్టారు. ఊరుకుంటే బాగుండదని నేనూ కొట్టాను. అమ్మగారు దగ్గరికొచ్చి తలుపు నిమిరి, "ఇవాళ ఎంత బాగా పలికిందో!" అన్నారు.

ఈ సాయంత్రం ముగింపు సభకు ముఖ్య అతిథి మీరేనట. తలుపు పలకకపోతే కోప్పడకండి సార్. దానికి గొంతు పోయింది.