జేర్దెకీ నాకూ ఒకే మందు

సెప్టెంబర్ 20. ఉదయం 11.
ఈరోజు మా ఇంటికి రెండు సూదులు! ఒకటి మా ఎర్రగుర్రం జేర్దెకి, ముంగాలి గిట్ట పైన కీలులోకి. వేసింది పశువుల డాక్టరు మామిర్కాన్. రెండోది నా కుడి మోకాట్లోకి. వేసింది ఆసుపత్రిలో డాక్టరమ్మ సైకల్. ఇద్దరికీ అదే స్టెరాయిడ్ మందట. ఇద్దరికీ మూడు వారాలు విశ్రాంతి.

"ఇది వాపు తీస్తుంది, నొప్పి తీస్తుంది. అరిగిన కీలుని మళ్ళీ మొలిపించదు. నొప్పి లేదు కదా అని గుర్రమెక్కారో, ఇక నా మొహం చూడకండి" అంది డాక్టరమ్మ.

అక్టోబర్ 12న పక్క ఊరితో కోక్-బోరు ఆట. మేక కళేబరాన్ని గుర్రం మీంచి వంగి ఎత్తి, తొడ కింద నొక్కిపట్టి, అవతలి జట్టు గుంతలో పడెయ్యాలి. నొక్కేది ఈ మోకాలే. పదిహేడేళ్ళుగా మా జట్టుకి ముందు నేనే. నేను దిగకపోతే జేర్దె మీద నా బావమరిది ఎసెన్ దిగుతాడు. చచ్చినా కానివ్వను!

తీర్మానం: గుర్రమూ నేనూ కలిసి విశ్రాంతి. లాయం గోడకి కాగితం కొట్టాను. తేదీలు, మేత, నడక, అన్నీ రాశాను. నాకు కాగితం ఎందుకు? నేను మనిషిని కదా.

సెప్టెంబర్ 22.
నొప్పి మాయం! ఆ డాక్టరమ్మ చల్లగా ఉండాలి. మెట్లు రెండేసి చొప్పున ఎక్కాను.

సెప్టెంబర్ 24. సాయంత్రం 5.
జేర్దెకి నడక అయిదు నిమిషాలు. ఎసెన్ ఇంకో రెండు నిమిషాలు తిప్పబోతే వాడి మీద ఇంతెత్తున లేచాను. మందు వేసిన కీలంటే ఆటా?

తర్వాత కొట్టం మీదికి గడ్డి ఎక్కించాను. నలభై మోపులు. గడ్డి మొయ్యడం స్వారీ కాదు. డాక్టరమ్మ గడ్డి మాట ఎత్తనే లేదు.

నా పెళ్ళాం బురుల్ కింద నించుని చూసింది. "ఏమయ్యా, ఆ కాగితం గుర్రానికి చదివి వినిపించావా? నువ్వు మాత్రం చదివినట్టు లేదే" అంది.

ఓర్వలేనితనం.

సెప్టెంబర్ 28.
పొరుగింటి గుర్రం మీద ఊరికే కూచున్నాను. కూచోవడం స్వారీ కాదు. అది తనంతట తానే పరిగెత్తింది, నేనేం చెయ్యను? వాగు దాకా వెళ్ళొచ్చాం. మోకాలు బంగారం!

అక్టోబర్ 1.
మోకాలు కొంచెం ఉబ్బింది. చలి వల్ల. ఆసుపత్రిలో ఇచ్చిన వాపు మాత్రలు, ఏదైనా తిన్నాకే, రోజుకి ఒకటే వేసుకోమని చెప్పారు. ఉదయం ఒకటి. పదింటికి ఒకటి. మధ్యాహ్నం ఒకటి, తినకుండా, కుమిస్‌తో.

సాయంత్రానికి కడుపులో కుంపటి. తప్పు ఆ పులిసిన గుర్రప్పాలదే.

జేర్దె భేషుగ్గా ఉంది. వాపు లేదు. ఏ రోజూ ఒక్క అడుగు ఎక్కువ వెయ్యనివ్వలేదు నేను.

అక్టోబర్ 5.
డాక్టరమ్మకి మొహం చూపించలేక మామిర్కాన్ దగ్గరికి కుంటుకుంటూ పోయాను. "అన్నా, ఇంకొక్క సూది. గుర్రానికి వేసిందే వెయ్యి."

"రెండు వారాలకే రెండో సూది నేను గుర్రానికే వెయ్యను తమ్ముడూ. నీకెలా వేస్తాను? గుర్రాన్నైతే కట్టేస్తే పడుంటుంది. నిన్ను ఎక్కడ కట్టెయ్యమంటావు?"

ముసలాడికి పొగరు.

అక్టోబర్ 9.
ఇసక బస్తాతో ఒక్కసారి, ఒక్కటంటే ఒక్కసారి, సాధన. పొరుగింటి గుర్రం మీంచి వంగాను. బస్తా లేచింది. మోకాట్లో ఏదో పటుక్కుమంది. బస్తా, నేను, ఇద్దరం నేల మీద.

బురుల్ నన్ను లేపి, నేరుగా లాయంలోకి పోయి గోడ మీది కాగితం మొదటి నుంచి చివరి దాకా చదివింది. అదే భయంగా ఉంది.

అక్టోబర్ 12. ఆట.
రికాబులో కాలు పెట్టాను. రెండో కాలు లేవలేదు. మూడుసార్లు ప్రయత్నించాను. జేర్దె తల తిప్పి చూసింది. మూడు వారాలు చక్కగా పడుకున్న గుర్రం కదా, నిగనిగలాడిపోతోంది. పగ్గం ఎసెన్ చేతికిచ్చాను. ఏడుపొచ్చింది, దుమ్ము పడిందని చెప్పాను.

ఎసెన్ మూడుసార్లు గుంతలో పడేశాడు. మాదే గెలుపు. ఊరంతా వెంట రాగా మా ఇంటికొచ్చి, గెలిచిన మేకని నా గడప ముందు పడేశాడు. అది పెద్ద గౌరవం. పదిహేడేళ్ళుగా నేను పెద్దవాళ్ళ గడపల ముందు పడేసినదే.

"బావా, ఇది నీకే! గుర్రానికి ఇంత బాగా విశ్రాంతి ఇప్పించినవాడు ఈ లోయలోనే లేడు!"

అందరూ నవ్వారు. మామిర్కాన్ అందరికన్నా గట్టిగా.

అక్టోబర్ 13. ఉదయం 8.
మళ్ళీ మొదటి రోజు! ఈసారి ఖాయం. మూడు వారాలు. కాదు, ఆరు. డాక్టరమ్మ కాళ్ళు పట్టుకోవడానికి కూడా మోకాలు వంగదు, అయినా వెళ్తాను.

బురుల్ లాయంలోంచి ఆ కాగితం పీకి తెచ్చింది. జేర్దె పేరు కొట్టేసి నా పేరు రాసి, నా మంచం పైన మేకు కొట్టింది. మేత అన్నచోట మేతే ఉంచింది.

"అయిదింటికి నడక. అయిదు నిమిషాలు. నేనే తిప్పుతాను" అంది. చేతిలో జేర్దె పాత పగ్గం ఉంది.