ఎవరింటి మడ్డి

కైమా, అరెకిపా
మంగళవారం, 20 ఆగస్టు 1996

తియాబాయాలో అంగడి నడుపుకుంటున్న శ్రీమతి బెనిల్డా గారికి,

మీరూ, సీసా బీరు అమ్ముకునే మీ భర్త రొసెందో గారూ, పిల్లలూ క్షేమంగా ఉన్నారని తలుస్తాను. ఇక్కడ అమ్మ క్షేమం, ఆ మోకాలొక్కటీ తప్ప. నేను మాత్రం క్షేమం కాదు. మొన్న ఆదివారం జరిగింది చూశాక నేను క్షేమంగా ఉంటానని మీరు అనుకుంటే అది మీ గుండె నిబ్బరం.

అక్కా అని రాయడానికి చెయ్యి రాలేదు. మీరు అని రాద్దామనుకున్నాను గానీ అదీ నాలుగు వరసలు దాటేట్టు లేదు. కాబట్టి నువ్వు అనే రాస్తున్నాను. ఒకే ఊళ్ళో ఉంటూ ఉత్తరమేమిటని రొసెందో నవ్వుతాడేమో. ఫోన్ చేస్తే పెట్టేస్తావు, వస్తే తలుపు తియ్యవు. అందుకని తియాబాయా బస్సు డ్రైవరు చేతికిచ్చి పంపుతున్నాను.

పొద్దున్నించీ మిస్తీ కొండ నెత్తిన మంచు. మంచు పడితే మన ఊళ్ళో మనిషికి తలనొప్పీ, ఊరికే కోపమూ వస్తాయని నీకు తెలుసు. నా కోపం ఆ మంచుది మాత్రం కాదు. కొండ రేపటికి తేటపడుతుంది, నేను పడను.

ఆదివారం సంగతే రాస్తాను. నువ్వు అక్కడే ఉన్నావు, నిజమే. కానీ నేనున్న వైపు నుంచి అది ఎలా కనిపించిందో నీకు తెలియాలి.

ఏడేళ్ళ తర్వాత పికాంతెరియాల, అంటే మన కారం కూరల అంగళ్ళ, సంఘం పండగ భోజనం మన ఇంటికి వచ్చింది. మూడు రోజులు నడుం వాల్చలేదు. నూట ఇరవై రొకోటో మిరపకాయలు గింజలు తీసి, మూడు నీళ్ళలో కడిగి, మాంసం కూరాను. చేతులు ఇప్పటికీ మండుతున్నాయి. పెరట్లో పొడుగు బల్లలు వేయించాను. అమ్మ తన నల్ల శాలువా కప్పుకుని బల్ల చివర కుర్చీలో కూర్చుంది. భోజనం మధ్యలో అందరూ ఎదురు చూసే ఆట మొదలైంది. ఏడిళ్ళ మొక్కజొన్న కల్లు, అదే మన చిచా, ఈ ఏడే ఆటలో చేరిన నీదీ కలిపి, ఏడు గ్లాసుల్లో పోసి, ఒక్కో గ్లాసు కింద ఒక్కో చీటీ పెట్టారు. ఎవరిది ఏదో అమ్మ చెప్పాలి. ముప్పై ఏళ్ళుగా చెబుతోంది, ఒక్కసారి కూడా తప్పలేదు.

మొదటి గ్లాసు తాగి, ఇది ఎస్కొలాస్తికాది, కట్టెలు పచ్చివి వాడావే, పొగ కొడుతోంది అంది. సంఘం పెద్ద అని కూడా చూడలేదు. ఎస్కొలాస్తికా దండం పెట్టి, తల్లీ నీ నాలుక మీద ఉప్పు పొయ్యా అంది. రెండోది నోట్లో పోసుకుని, మొక్కజొన్న మొలకలు సరిగ్గా రాక పంచదార కలిపావు, ఎవరివో నాకు తెలుసు, సిగ్గు తెచ్చుకో అంది. పెరడంతా విరగబడి నవ్వింది. మూడో గ్లాసు ఎత్తి సగం దాకా దించలేదు. పెదాలు తుడుచుకుని, ఇది మాదేనర్రా, నన్ను నిద్రలో లేపి పోసినా చెబుతా అంది. నా ఛాతీ రెండడుగులు పొంగింది.

రైల్వేలో పని చేసి రిటైరయిన ముసలి నికానోర్ చీటీ తిప్పాడు. చూసి మళ్ళీ బోర్లా పెట్టేశాడు. చదవవయ్యా, కళ్ళజోడు కావాలా అని ఎవరో అరిస్తే అప్పుడు చదివాడు. బెనిల్డా, తియాబాయా.

నేను ఆ చీటీ లాక్కుని మళ్ళీ చదివాను. ఎందుకో నీకు నేను చెప్పాలా? పన్నెండేళ్ళ కింద ఆ సీసాల వాడిని చేసుకుంటానని నువ్వు పట్టుబట్టిన రోజు, అమ్మ వీధి వీధంతా వింటుండగా గడపలో నిలబడి ఏమందో మర్చిపోయావా? చిచా పోసే ఇంటి పిల్ల సీసా బీరు వాడితో పోతే పో, కానీ మా బానలోంచి మడ్డి ఒక్క చుక్క ఈ గడప దాటదు అంది. బాన అడుగున మిగిలే ఆ మడ్డే కదా కొత్త చిచాకి తోడు. అది అమ్మమ్మ నుంచి అమ్మకి, అమ్మ నుంచి నాకు వచ్చింది. అది లేకుండా మన రుచి రాదు. నువ్వు వట్టి చేతులతో వెళ్ళావు. మరి నీ గ్లాసులో మా రుచి ఎలా వచ్చింది?

అందుకే అరిచాను. దొంగా, పోతూ పోతూ అమ్మమ్మ మడ్డి కూడా మూటగట్టుకుపోయావే అని అందరి ముందూ అరిచాను. అన్నందుకు నాకేమీ విచారం లేదు. నువ్వు కాదని ఒక్క మాట అంటే నేను ఆగేదాన్నేమో. అనలేదు. దొంగకి తేలు కుట్టినట్టు నిలబడ్డావు. ఒకసారి అమ్మ వంక చూశావు. నీ జాడీని చెంగుతో తుడుచుకుని, చంకన పెట్టుకుని వెళ్ళిపోయావు. కంచంలో రొకోటో అలాగే ఉంది. నేను వండింది ముట్టుకోకుండా వెళ్ళడం నీకే చెల్లింది.

అమ్మ కంచం వంక చూస్తూ కూర్చుంది. మిగతా నాలుగు గ్లాసులూ ముట్టలేదు.

ఎస్కొలాస్తికా సంగతి తెలుసుగా, ఊరికే వదలదు. ఎంతటి తప్పయినా సర్దుకుంటాం గానీ మడ్డి దొంగతనానికి మాత్రం సర్దుబాటు లేదంది. వచ్చే ఆదివారం, ఇరవై అయిదున, మన పెరట్లోనే సంఘం కూర్చుంటుంది. నువ్వొచ్చి జవాబు చెప్పాలి. చెప్పకపోతే నీ పేరు కొట్టేస్తారు, నీ గుమ్మం మీది ఎర్ర జెండా దింపించేస్తారు. జెండా లేని ఇంటికి చిచా కోసం ఎవరొస్తారు? నీ మొగుడి సీసాలే నువ్వూ అమ్ముకోవాలి.

నేను చెప్పేది ఒక్కటే. వచ్చి, అవును తీసుకెళ్ళాను అని ఒప్పుకో. నీ బానలు అందరి ముందూ ఒంపెయ్యి. అప్పుడు పేరు ఉంచమని నేనే వాళ్ళ కాళ్ళు పట్టుకుంటాను. రాకపోతే, కొట్టెయ్యమని మొదట లేచేది నేనే.

నీకు నేనేదో రాక్షసిలా కనిపిస్తుంటాను. నువ్వు వెళ్ళాక ఈ ఇల్లు ఎలా నిలబెట్టానో నీకేం తెలుసు? తొంభై ఒకటిలో, కలరా వచ్చి జనం పచ్చి నీళ్ళంటేనే పారిపోతున్న ఏడు, అమ్మ గరిటె నా చేతికిచ్చింది. అంగళ్ళన్నీ ఈగలు తోలుకుంటుంటే మన బల్లలు ఏడాది తిరక్కుండానే నిండాయి. నికానోర్ అయితే నా మొహం మీదే అన్నాడు, ఫౌస్తీనా, మీ అమ్మతో చెప్పకు గానీ నీ చేతికొచ్చాకే ఈ చిచాకి నిజమైన రుచి వచ్చింది అని. ఆ మాట నేను అయిదేళ్ళుగా దాచుకుని తింటున్నాను. అంత కష్టపడి తెచ్చిన రుచి నువ్వు దొంగ మడ్డితో తియాబాయాలో పోస్తుంటే నాకు కడుపు మండదా?

ఏ రోజు సూపు ఆ రోజే అన్న మన కట్టు తప్పి, నువ్వు మంగళవారం పూట సోమవారం సూపు వడ్డిస్తున్నావని కూడా విన్నాను. జనం అడుగుతున్నారు కాబట్టి పోస్తున్నా అన్నావట. అమ్మకి చెప్పలేదు. ఇంకా బతకాలి ఆవిడ.

ఒక మాట రాయకుండా ఉండలేకపోతున్నాను. మొక్కజొన్న మొలకలు నూరేటప్పుడు ఆ పెద్ద రాతికి ఆ చివర నువ్వు, ఈ చివర నేను పట్టుకుని ఊపేవాళ్ళం. పులుస్తున్న బానకి చెవి ఆనించి, ఇదిగో ఇప్పుడు గొణుగుతోంది, పాడటం మొదలెట్టాక తీద్దాం అని నేర్పింది నువ్వే. ఇప్పుడు ఆ రాతికి అవతల కూలి మనిషిని పెట్టుకున్నాను. మంచిదే, కానీ మాట్లాడదు. నిన్ను దొంగ అన్న రోజు నుంచి నాకు అన్నం సయించడం లేదు. అయినా దొంగని దొంగ అనక ఇంకేమనను?

ఆదివారం పదకొండు గంటలకి. ఆలస్యం చెయ్యకు.

ఇట్లు,
లా తోర్కాసా అంగడి యజమానురాలు
ఫౌస్తీనా

తా.క. బస్సు సాయంత్రం నాలుగింటికని, ఈలోగా ఉత్తరం అమ్మకి చదివి వినిపించాను. తన పరువు నిలబెడుతున్నానని మెచ్చుకుంటుందనుకున్నాను. అమ్మ బాదం గింజలు ఒలుచుకుంటూ అంతా వింది. కలరా ఏడు దగ్గరికొచ్చేసరికి ఒలవడం ఆపేసింది. ఆ కాగితం ఇటివ్వవే, పొయ్యిలో పెడతా అంది. ఎందుకన్నాను. ఒడిలోని తొక్కలు దులుపుకుంది. తర్వాత, తొంభై ఒకటిలో బానలు ఎవరు కడిగారే అని అడిగింది.

నేనే కడిగాను అక్కా. తనిఖీకి వస్తున్నారని, అమ్మ చర్చికి వెళ్ళిన పూట, మూడు బానలూ క్లోరిన్ పోసి అడుగంటా తోమాను. అద్దాల్లా మెరిశాయి. మెచ్చుకుంటుందని ఎదురుచూశాను. అమ్మ వచ్చి, లోపలికి తొంగి చూసి, బాగా కడిగావు అని మాత్రం అంది. మడ్డి వేరే కుండలో తీసి దాచానని చెప్పింది. నేను నమ్మాను. ఆవిడ ఏ కుండలోనూ దాచలేదు. అమ్మమ్మ మడ్డి ఆ పూటే చచ్చిపోయింది. చంపింది నేను.

మర్నాడు పొద్దున్నే అమ్మ కూరగాయలకని వెళ్ళి మధ్యాహ్నానికి వచ్చింది. తియాబాయా వచ్చిందట నీ దగ్గరికి. ఏడేళ్ళుగా నీ మొహం చూడని మనిషి నీ పెరటి గుమ్మంలో నిలబడి, మడ్డి పెట్టమ్మా అని అడిగిందట. నువ్వు వట్టి చేతులతో మొదలెట్టావని, మూడేళ్ళ పాటు చెడిపోయిన చిచా వీధిలో పారబోసుకున్నావని, చివరికి పక్కింటి ముసలావిడ జాలిపడి తన మడ్డిలో సగం ఇస్తే నిలదొక్కుకున్నావని అప్పుడే తెలిసిందట అమ్మకి. నువ్వు ఒక్క మాట దెప్పలేదట. జాడీ నిండా పోసి శాలువాలో కట్టి ఇచ్చావట. ఫౌస్తీకి మాత్రం చెప్పకమ్మా, సిగ్గుతో చచ్చిపోతుంది అన్నావట.

కాబట్టి నికానోర్ మెచ్చుకున్న రుచి నీది. అయిదేళ్ళుగా ఈ ఇల్లు పోస్తున్నదంతా నీదే. ఆదివారం నోరెందుకు విప్పలేదే అమ్మా అని అడిగాను. నాలుక నిజం చెప్పేసింది, ఆ తర్వాత తలకాయకి తెలివొచ్చింది అంది. విప్పితే ఏం చెప్పాలి, నా కూతురు ఇంటి మడ్డిని చంపేసింది, గరిటె పట్టడానికి పనికిరాదు అని సంఘానికి చెప్పనా అంది. నువ్వు ఆ రోజు అమ్మ వంక ఎందుకు చూశావో ఇప్పుడు తెలిసింది. చెప్పనా వద్దా అని అడిగావు. ఆవిడ తల దించుకుంది. మీరిద్దరూ నోరు మూసుకున్నది నా కోసం. నేను ఒక్కదాన్నే అరిచాను.

అమ్మ చింపెయ్యమంటున్నా పై కాగితాలు చింపడం లేదు. నిన్ను ఏమేమన్నానో అంతా నీ దగ్గర ఉండాలి. ఆదివారం నిన్ను రమ్మన్నాను కదా, రావద్దు. అందరి ముందూ జవాబు చెప్పాల్సింది నేను. బానలు ఒంపమంటే ఒంపుతాను, జెండా దింపమంటే దింపుతాను. ఎస్కొలాస్తికా ఊరుకోదు, నాకు తెలుసు.

రావద్దని రాశాను గానీ అక్కా, వచ్చి వెనక బల్ల దగ్గరయినా కూర్చో. నువ్వు కనబడితేనే నాకు మాట పెగులుతుంది.

నీ చెల్లెలు
ఫౌస్తీ