కంప్రెసర్‌కు చుట్టిన తడి గోనె

ఏమండీ,

మీరు వెళ్లిపోయి నాలుగు నెలలైంది. సునీతా నేనూ బాగానే ఉన్నాం. డాబా మీద కంప్రెసర్ కూడా నడుస్తోంది... మీరు ముందు అడిగేది దాని గురించేనని తెలుసు.

కానీ మధ్యలో ఎంత భయపెట్టిందో! మన అమ్మాయి సునీత పళ్ల క్లినిక్కు కింద, అక్కడ పన్ను తొలిచే పరికరానికి గాలి పంపే ఈ మిషను పైన. ఇన్నేళ్లూ దాన్ని ఎవరు కనిపెట్టుకుని ఉన్నారో నేనెప్పుడైనా ఆలోచించానా?

మీ పని నేనే తీసుకున్నాను. రోజూ సాయంత్రం ట్యాంకు అడుగున మర తిప్పి, లోపల చేరిన నీళ్లు వదలడం. ఆదివారం ఫిల్టరు దులపడం. వదిలిన నీళ్లు ఎన్ని చెంచాలో కొలిచి డైరీలో రాసేదాన్ని. మీరుంటే నవ్వేవారు. "రాజ్యం, నువ్వు వానని కూడా గరిటెతో కొలుస్తావే" అనేవారుగా...

ఏప్రిల్ చివర్లో ఎండలు ముదిరాయి. అమీర్‌పేటలో కంప్యూటర్ కోర్సులు చేసే హాస్టల్ పిల్లలు, క్లాసుకీ క్లాసుకీ మధ్య ఒంటిగంటకే పంటినొప్పితో వస్తారు. సరిగ్గా అప్పుడే మిషను వేడెక్కి ఆగిపోయేది. కుర్చీలో వాళ్లు నోరు తెరుచుకుని అలాగే ఉండిపోయేవారు. రెండుసార్లు అలా అయ్యేసరికి, క్లినిక్కు మూసేసి పంజాగుట్టలో ఏదైనా ఆసుపత్రిలో చేరిపోతానంది సునీత. మీరు దగ్గరుండి పెట్టించిన క్లినిక్కు... మీరు పోయిన ఏడాదే మూతపడాలా?

నాకు తోచింది నేను చేశాను. మంచినీళ్ల కుండకు చుట్టినట్టే, వైర్లకు తగలకుండా కంప్రెసర్‌కూ తడి గోనెసంచి చుట్టాను. ఆరినప్పుడల్లా తడిపాను. సునీతకు చెప్పలేదు.

మిషను ఇంకా ఎక్కువగా ఆగడం మొదలుపెట్టింది. ఎందుకో అర్థం కాలేదు. ఇంతలో ఒక అమ్మాయి, విరిగిన ముందు పన్నుకు ముందురోజు వేసిన పూత ఊడిపోయిందని వచ్చింది. మర్నాడు బేగంపేటలో ఇంటర్వ్యూ అట. చెయ్యి అడ్డం పెట్టుకునే మాట్లాడింది పాపం. గాలిలో తడి వస్తోందని, అందుకే పూత పట్టలేదని, ఇక ఆ మిషను పనికిరాదని తేల్చేసింది సునీత.

పైకెళ్లి డైరీ తీశాను. రోజుకు మూడు చెంచాలుండే నీళ్లు, గోనె కట్టిన రోజు నుంచి పది, పన్నెండు! అంటే ఆ తడి గాలినే అది లోపలికి పీల్చుకుంటోంది. పైగా గోనె చుట్టి దాని వేడి బయటికి పోకుండా చేశాను. మిషను చెడిపోలేదు. చెడగొట్టింది నేను.

ఒకసారి దుమ్ము పడుతోందని పాత దుప్పటి తెచ్చి దాని మీద వేయబోతే, మీరు చెయ్యి పట్టుకుని ఆపలేదూ? "దానికి గొడుగు పట్టు రాజ్యం, దుప్పటి కప్పకు!" ఆ మాట నాకు అప్పటిదాకా ఎందుకు గుర్తు రాలేదు?

డైరీ పట్టుకుని కిందికి దిగాను. గోనె సంగతి చెప్పేశాను. తిడుతుందనే అనుకున్నాను. సునీత చెంచాల లెక్క మీద వేలు పెట్టి చదువుకుంటూ పోయి, ఒక్కసారిగా నవ్వేసింది. మీరు పోయాక అది అలా నవ్వడం అదే మొదలు... నాకు కళ్లలో నీళ్లు తిరిగాయి. దిగులుతో కాదు.

ఆ పూటే గోనె తీసి పారేశాం. మిషను పైన బారెడు ఎత్తున వెదురు తడక పందిరిలా కట్టించాం. నీడ ఉంది, నాలుగు వైపులా గాలి ఆడుతోంది. ట్యాంకు పూర్తిగా ఖాళీ చేసి, గాలి పొడిగా వస్తోందని చూసుకున్నాక సునీత ఆ సాయంత్రమే ఆ పిల్ల పన్నుకు మళ్లీ పూత వేసింది. ఇంటర్వ్యూలో చెయ్యి అడ్డం పెట్టుకోకుండానే మాట్లాడిందట. ఉద్యోగం సంగతి ఇంకా తెలియదు.

రోహిణి కార్తె మొత్తం వెళ్లిపోయింది. మిషను ఒక్కరోజు కూడా ఆగలేదు. సునీత పంజాగుట్ట మాట ఎత్తడం లేదు. నాకు రాత్రిళ్లు నిద్ర పడుతోంది.

పాతబడిన మిషను... ఏదో ఒకరోజు ఆగి తీరుతుంది. ఆగితే ఆగనివ్వండి. నా చేతి పొరపాటు వల్ల మాత్రం ఆగదు. మీకు మాటిస్తున్నాను.

మీ
రాజ్యం