పురుగులింటి నడిమిగోడ

శ్రీ రామకృష్ణప్ప గారికి,
సహాయ ఇంజినీరు, కట్టడాల పరిశీలన కార్యాలయం.

పంపువారు: పాపక్క, కీ.శే. ఆంజప్ప గారి భార్య, రిటైరైన తెలుగు పంతులమ్మ, రాయకోట రోడ్డు, కెలమంగలం దగ్గర.

అయ్యా,

విషయం: మా ఇంటి నడిమిగోడ పార్టిషన్ గోడ కాదని తెలియజేయుట, గురువారం దానిని పడగొట్టక మునుపే తమరు గడప దాటి లోపలికి వచ్చి చూడవలెనని కోరుట.

సూచిక: తమరు గడప అవతల నిలబడి సెలవిచ్చిన మాట.

పోయిన వారం తమరు మా ఇంటికి దయచేసి, "ఇది ఉత్త పార్టిషన్ గోడమ్మా, తీసేస్తే ఏమీ కాదు" అన్నారు. అది పార్టిషన్ గోడ కాదు. ఇంటి నడుము. "ఇల్లు పాతదైనా గోడ కొత్తగా ఉందే" అని మెచ్చుకున్నారు కూడా. అదీ సరికాదు. కొత్తది సున్నం, గోడ కాదు. ఈ రెండు పొరపాట్లలో ఒకటి తమరిది, రెండోది మా ఇంటిది. కాబట్టి ఈ అర్జీని ఫిర్యాదుగా కాక సవరణగా స్వీకరించ ప్రార్థన.

1. కప్పు గురించి. మా ఇంటి కప్పు కాంక్రీటు కాదు, రాతి బండలు. ఈ చుట్టుపక్కల పాత మిద్దెలు చాలామటుకు అంతే. గుట్టలో చీల్చిన బండను ఒక గోడ మీద నుంచి ఇంకో గోడ మీదికి పరిచి, పైన గచ్చు వేస్తారు. మా ముందు గది బండలకు ఒక కొస వీధిగోడ మీద, రెండో కొస నడిమిగోడ మీద ఉంది. వెనుక గది బండలకూ ఒక కొస ఆ నడిమిగోడ మీదే. అనగా రెండు గదుల కప్పునూ మోసే భుజం అదొక్కటే. అడుగున గార పూసి ఉన్నందున అతుకులు కనబడవు. కింద నిలబడి చూసేవారికి అంతా ఒకే పలక అనిపిస్తుంది. తమరికీ అలాగే అనిపించినట్లుంది. ఆ బండలు ఎత్తిన నాడు నేను కొత్త కోడలిని. ఎత్తేవాళ్లకు మజ్జిగ పోస్తూ అక్కడే ఉన్నాను. బండ కొస వచ్చి గోడ మీద కూర్చున్నప్పుడు అయిన చప్పుడు నాకింకా చెవిలో ఉంది. అర్జీలో చప్పుడును ఏ గడిలో నింపాలో తెలియక వదిలేస్తున్నాను.

2. తమరు లోపలికి రాకపోవడం గురించి. వెనుక గదిలో మేము పట్టుపురుగులు పెంచుతాం. పురుగులున్న ఇంట్లోకి బయటివారు ఊరికే రాకూడదు. చెప్పులు విప్పి, బ్లీచింగ్ నీళ్లలో కాళ్లు ముంచి రావాలి; లేకుంటే రోగం తగిలి పంటంతా పోతుంది. మా కోడలు రేణుకు ఈ అలవాటు ఎముకల్లోకి పోయింది. తమరు వచ్చేనాటికి పట్టుగూళ్లన్నీ మార్కెట్టుకు పోయి గది ఖాళీ. అయినా, "సార్, బూట్లతో రావొద్దండి, ఆడనే ఉండండి" అని బ్లీచింగ్ బేసిన్ తెచ్చి తమరి ముందు పెట్టింది. తమరు బేసిన్‌ను చూశారు. బూట్ల లేసులు చూసుకున్నారు. ఆ తరువాత వీధి గడప మీద నుంచే గోడను చూశారు. లేని పురుగులకు జడిసి ఒక ఇంజినీరు ఆగిపోయిన ఇల్లు ఈ జిల్లాలో మాదొక్కటే అయి ఉంటుంది.

3. సున్నం గురించి. పంట తీసిన ప్రతిసారీ గది కడిగి సున్నం కొట్టడం మా పద్ధతి. తమరు వచ్చే ముందు రోజే రేణు ఆ పని ముగించింది. గోడలో పైనుంచి వాకిలి మూల దాకా దిగిన బీట ఒకటుంది. దాని మీదుగానే, గోడకు రెండు వైపులా కొట్టింది. బీట ఎందుకు మూసితివమ్మా అంటే, "గది కడిగినాక సున్నం కొట్టకుండా ఎట్ల వదిలేది అత్తా" అంది. అబద్ధమాడే మనిషి కాదు. చేయి దానంతట అది పోయింది. తమరు మరునాడు వచ్చి ఆ సున్నానికే ఆరోగ్య ధ్రువపత్రం ఇచ్చి వెళ్లారు.

4. నా మనవడు, రేణు కొడుకు యతీశ్ గురించి. వాడు హోసూరు ఫ్యాక్టరీలో లేత్ మీద పనిచేస్తాడు. వెంట్రుకంత తేడా వస్తే ముక్కను పక్కన పారేస్తాడు. ఇంట్లో మాత్రం గోడనే పారేస్తానంటున్నాడు. రెండు గదులు కలిపి పెద్ద హాలు చేయాలని, మిద్దె మీద గదులు వేసి ఫ్యాక్టరీ పిల్లలకు బాడుగకు ఇవ్వాలని వాడి ఆశ. ఆశలో తప్పు లేదు. ఇల్లు పెరగవద్దని నేను అనలేదు, ఇల్లు ఉండి పెరగాలని అన్నాను. వాడు పై గదుల కోసం ఇటుకలు, ఇసుక మూటలు ఇప్పటికే మిద్దె మీద పేర్చాడు. బీట పుట్టింది ఆ తరువాతే. ఆ మాట చెబితే వాడి జవాబు ఇది:

"అవ్వా, ఇంజినీరు సారే చూసి చెప్పినాడు కదా. నీకు ఆయనకన్నా ఎక్కువ తెలుసునా?"

"బండలెత్తిన దినము నేను ఈడ ఉండినాను. మీ సారు యాడ ఉండినాడో అడిగి రా."

వాడు తమరిని అడిగి ఉండడు. మేస్త్రీ శక్తి దగ్గరికి పోయి గురువారానికి పని ఖాయం చేసుకొచ్చాడు. నేను శక్తినీ పిలిపించాను. అతడు గోడను తట్టి చూశాడు, తల గోక్కున్నాడు, చివరికి, "సారు చెప్పినాక నేనేమి చెప్పేది అవ్వా, కొట్టమంటే కొడతాను" అన్నాడు. ఈ విధంగా గోడను చూడనివారి మాట చూసినవారందరి నోళ్లూ మూయించింది.

5. రసీదు గురించి. పోయిన వారమే ఈ సంగతులు క్లుప్తంగా రాసి తమ కార్యాలయంలో ఇచ్చాను. అర్జీ ముట్టినట్టు ముద్ర వేసిన రసీదు చీటీ ఇచ్చారు. వేరే చర్య ఏదీ జరగలేదు గనుక ఆ చీటీనే పనిలో పెట్టాను. బీటకు అడ్డంగా, ఒక కొస ఇటు, ఒక కొస అటు, మైదా జిగురుతో అంటించాను. గోడ కదలకపోతే కాగితం అలాగే ఉంటుంది. నిన్న అన్నం తిని వచ్చి చూస్తే తమ ముద్ర మధ్యకు చిరిగి ఉంది. తమ కార్యాలయం నుంచి వచ్చిన కాగితం ఒకటి మా ఇంట్లో నిజం చెప్పడం ఇదే మొదలు.

ఈ వాక్యం రాసి లేచి వెళ్లి గోడను చూసి వచ్చాను. నిలబడే ఉంది. ప్రతి పేరా చివరా లేస్తూనే ఉన్నాను. చేతిరాత ఒక్కోచోట ఒక్కో రకంగా ఉంటే అందుకే.

6. తమరు తేల్చవలసినవి.

(అ) గోడ తీస్తే బండల కొసలను ఎవరు మోస్తారు? ఇనుప గర్డరు వేయొచ్చునని యతీశ్ అంటున్నాడు. వేయొచ్చు. అయితే ఆ గర్డరు రెండు కొసలూ దేని మీద కూర్చోవాలి? మా పక్కగోడలు రాయి, బంకమన్ను. అంత బరువు ఒక్కచోట దిగితే అవి నలగవా? కింద రాతి దిమ్మెలు కట్టాలా?

(ఆ) గర్డరు కూర్చునేదాకా బండలకు రెండు వైపులా పోట్లు, అంటే కింద ఆనించే దుంగలు, పెట్టాలి కదా? ఈ మాట ఇంతవరకు మా ఇంట్లో ఎవరి నోటా రాలేదు.

(ఇ) పై గదుల బరువు ఈ బండల మీద వేయడం తగునా, లేక బయట వేరే పునాది తీసి స్తంభాల మీద లేపాలా? ఎందుకడుగుతున్నానంటే, మా పునాది ఎంత లోతుందో తెలిసిన మా ఆయన ఆంజప్ప గారు ఇప్పుడు అడగడానికి లేరు. ఒక మూల తవ్వి చూడమని తమరే చెప్పాలి.

(ఈ) అన్నిటికన్నా ముందు, మిద్దె మీది ఇటుకలు దింపించండి. దీనికి పరిశీలన కూడా అక్కరలేదు.

7. ఇందులో నా స్వార్థం. ముందు గదిలో, ఆ నడిమిగోడకు ఆనుకొని, యతీశ్ కూతురు పగటిపూట పడుకుంటుంది. ఇంకా రెండేళ్లు నిండలేదు. హాలు పెద్దది కావాలన్నది మొదట దాని తల్లి చైత్రే. బిడ్డ పరుగెత్తడానికి చోటుండాలని. చిరిగిన చీటీ చూపించినాక చైత్ర చాలాసేపు పైకే చూస్తూ నిలబడింది. తరువాత నెమ్మదిగా, "అవ్వా, నాకు హాలు ఒద్దు. బిడ్డ పండుకొనేచోట పైన ఏముండాదో ఎవరన్నా నిజం చెప్తే చాలు" అంది. నేను నిజం చెప్పాను. కానీ ఈ ఇంట్లో నా మాటకు ముద్ర లేదు.

చైత్ర బిడ్డ పక్కను ఆ బండల కిందికి రాని రేణు గదిలోకి మార్చింది. నేను నా మంచాన్ని పురుగుల గదిలో ఆ గోడకే ఆనించి వేసుకున్నాను. రేణు ఎంత బతిమాలినా లేవలేదు. ఇది బెదిరింపు కాదు, ఏర్పాటు. గురువారం సమ్మెట ఎత్తేవారు మొదట నన్ను ఎత్తవలసి ఉంటుంది. గోడ తనంతట తాను దిగితే ఏమవుతుందని తమరికి సందేహం రావచ్చు. నాకూ వచ్చింది. అందుకే తొందరపెడుతున్నాను.

కావున తమరు బుధవారంలోగా వచ్చి, గోడను చేత్తో తాకి, పడగొట్టవచ్చునో లేదో కాగితం మీద రాసి, సంతకం చేసి ఇవ్వవలెను. నేను చెప్పింది తప్పని తేలితే మంచం నేనే తీసుకుంటాను, శక్తికి మజ్జిగ కూడా నేనే పోస్తాను. ఈ మనవిని చిత్తగించవలెను. చిత్తగించి ఊరుకోక, లేసులు లేని చెప్పులు వేసుకొని బయలుదేరవలెను.

ఇట్లు,
తమ విధేయురాలు (గోడ విషయంలో తప్ప),
పాపక్క

తా.క. ఇది మడిచి కవరులో పెట్టబోతుండగా వీధి తలుపు బిగుసుకుంది. తోసినా మూతపడడం లేదు. యతీశ్ వానకు కర్ర ఉబ్బిందంటాడు. వాన ఎక్కడ కురిసిందో వాడికే తెలియాలి, మా ఊళ్లో మాత్రం కురవలేదు. తలుపుకు చిత్రిక పట్టమని వడ్రంగికి కబురు పెట్టాడట. తమరు వచ్చే దారిలోనే, కెలమంగలం బస్టాండు దాటగానే ఎడమచేతి వైపు, టీ కొట్టు పక్కన అతడి కొట్టు. దయచేసి ఒక్క నిమిషం బండి ఆపి, పాపక్క ఇంటి తలుపును ముట్టుకోవద్దని చెప్పండి. నేను చెబితే ముసలిదాని చాదస్తం అంటాడు. చేతిలో ఫైలున్నవారు చెబితే వింటాడు, ఫైలు ఖాళీదైనా పరవాలేదు. తలుపు ఉబ్బలేదు, ద్వారబంధం మీదికి ఇల్లు దిగింది. తలుపును చెక్కేస్తే చక్కగా మూతపడుతుంది, ఇక ఎవరికీ ఏమీ తెలియదు. తమరు వచ్చి తోసి చూసేదాకా ఆ తలుపు మూతపడకుండానే ఉండాలి.